మూడో పక్కటెముక

కురవాలో వద్దో తేల్చుకోని వాన
షెడ్డు రేకుల మీద వేళ్ళాడిస్తోంది.
గలీసియా తీరంలో అక్టోబరు అంతే,
గోడలకు కూడా చెమట పడుతుంది.

దిమ్మెల మీదికి ఎక్కించిన పాత పడవ,
ఆల్చిప్పల బుట్టలు మోసి మోసి నడుం వాలినది.
నేను దాని కడుపు కింద వెల్లకిలా పడుకుని
పలకల సందుల్లో నార కూరుతున్నాను.
పైవాళ్ళ మాటలన్నీ
రంపప్పొట్టుతో పాటు నా మొహం మీదే రాలతాయి.

"చుక్కాని వైపు నుంచి మూడో పక్కటెముక. తీసెయ్యాలి."
బ్రెయ్షో గొంతు.
"అక్కర్లేదు. పుచ్చిన మేర చెక్కి అతుకేస్తే చాలు."
సబేలా.
"అతుకు అలకి ఆగదు."
"ఓక్ దూలం ధర తెలుసా నీకు?"
"మునిగిన పడవ ధర తెలుసా నీకు?"

ఇంతవరకూ బాగానే ఉంది.
చిత్రిక పట్టేటప్పుడు చెక్క కూడా అరుస్తుంది.
ఆ అరుపు లేకుండా
ఏ పలకా ఇంకో పలక పక్కన కుదురుకోదు.

అప్పుడన్నాడు బ్రెయ్షో:
"నీకెప్పుడూ తొందరే. అచ్చం మీ నాన్న."

సుత్తులు ఆగాయి.
పక్కటెముక ఎటు పోయిందో పోయింది.
ఇప్పుడు దిమ్మెల మీద ఉన్నది పడవ కాదు,
తారు ఆరకముందే నీళ్ళలోకి తోసుకుని
ఓ తెల్లవారుజామున వెళ్ళి
తిరిగిరాని మనిషి.

దెల్మీరాకు డెబ్బై దాటాయి. కొట్టు ఆమెది.
అరవలేదు. తిట్టలేదు.
ఏప్రాన్ జేబులోంచి సుద్దముక్క తీసి
బ్రెయ్షో చేతిలో పెట్టింది.

"ఇప్పుడన్నావే, ఆ మాట.
చెక్క గురించే అయితే చెక్క మీద రాయి."

చెయ్యి లేచింది.
ఓక్‌కి వెంట్రుకవాసి దూరంలో నిలబడిపోయింది.
కింద నుంచి నాకు అతని చెవులు కనిపిస్తున్నాయి,
ఎర్రబడుతూ.
చాలాసేపటికి రాశాడు:
ఇక్కడ మెత్తన. నాలుగు వేళ్ళ మేర.

సబేలా సుద్ద లాక్కుంది.
దాని కిందే, అక్షరాలు చెక్కినంత గట్టిగా:
పైన మెత్తన. లోపల ఆర దిగదు.

ఆర తెచ్చి గుచ్చి చూశారు.
దిగింది. రెండు వేళ్ళు దిగి ఆగింది.
ఇద్దరూ సగం సగం తప్పు.
ఎవరూ నవ్వలేదు.

నా సంగతి కూడా చెప్పాలి.
పన్నెండేళ్ళ కిందట ఎలాదియోకూ నాకూ
వెన్నుగర్ర వంపు దగ్గర తేడా వచ్చింది.
అంగుళం. గోటితో పోయేది.
నేను గొడ్డలి తీశాను:
అతని తాగుడు, అతని భార్య పుట్టింటికి పోవడం,
ఏ కొలకర్ర మీదా లేని గీతలన్నీ గీశాను.
ఆ రోజు నా చేతిలో ఎవరూ సుద్ద పెట్టలేదు.
పెట్టినా విసిరేసేవాణ్ణేమో.

అతనిప్పుడు ఆవలి ఒడ్డున ఇంకో షెడ్డులో ఉన్నాడు.
పొగమంచు కమ్మిన పొద్దున నీటి మీదుగా
అతని సుత్తి వినిపిస్తుంది:
రెండు దెబ్బలు, ఒక ఊపిరి, మళ్ళీ రెండు.
అలా కొట్టేవాడు ఈ తీరంలో ఇంకొకడు లేడు.
ఎవరి వంపు సరైనదో మాత్రం
ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

బ్రెయ్షో ఆ రోజు క్షమించమనలేదు.
సబేలా రెండు పూటలు రొట్టె తీసుకుని
పడవకు అటువైపు కూర్చుని తింది.
మూడో రోజు వచ్చేసరికి
ఆమె బాడిశ నూరి ఉంది.
ఎవరు నూరారని ఎవరూ అడగలేదు.

బొటనవేలితో అంచు తడిమింది.
"ఎక్కువ నూరావు."
"ఎక్కడ?"
"మడమ దగ్గర."
"మడమ దగ్గర అలాగే ఉండాలి."

సబేలా అతని మొహంలోకి చూడలేదు,
సుద్ద కోసం చెయ్యి చాపింది.